పొయ్యిలోని మంట, నూతిలోని నీరు

మన వసతిగృహ భోజనశాలలో వారానికి రెండు పర్యాయాలైనా గోరుచిక్కుడు కూర ప్రత్యక్షం కావడం విద్యార్థులందరికీ అనుభవంలో ఉన్న విషయమే. తెలంగాణ జిల్లాల నుండి వచ్చినవారు దానిని గోకరకాయ అంటారు. ఉర్దూ విభాగపు మిత్రులు గవార్ కీ ఫల్లీ అంటారు. పేర్లు వేరైనా, పళ్ళెంలో ఒక ప్రక్కకు నెట్టివేయబడటంలో మాత్రం ఆ కూరకు భాషాభేదం లేదు. ఇంతటి నిరాదరణకు గురియైన ఈ కాయకూ, అమెరికా భూగర్భంలో జరుగుతున్న ఒక మహాప్రయత్నానికీ సంబంధం ఉన్నదంటే కొందరు నవ్వవచ్చును. కాని ఉన్నది.

గోరుచిక్కుడు గింజను మరపట్టి తీసిన పిండి, నీటిలో కలిపిన మాత్రాన చిక్కని జిగురుగా మారుతుంది. ఐస్‌క్రీము తయారీలోను, బట్టల అద్దకంలోను దీనిని చిరకాలంగా వాడుతున్నారు. ప్రపంచంలో పండే ఈ గింజలో అత్యధిక భాగం మన దేశానిది. అందులోనూ ముఖ్యంగా రాజస్థాన్ మెట్టపొలాలది. 2011–12 లో దీని ధర సుమారు ఏడాది కాలంలో ఇంచుమించు పదిరెట్లు పెరిగినది. బంగారం పెరిగినట్లు గోరుచిక్కుడు పెరగడం చూచి ప్రభుత్వం నివ్వెరపోయి, 2012 మార్చిలో దాని వాయిదా వ్యాపారాన్నే నిలిపివేసినది. 2013 మే వరకు మరల అనుమతించలేదు. రాజస్థాన్ రైతుకు ఈ ఆకస్మిక భాగ్యం తెచ్చిపెట్టినది ఐస్‌క్రీము కాదు. టెక్సస్, ఉత్తర డకోటా, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో వేలసంఖ్యలో త్రవ్వుతున్న గ్యాసు బావులు, చమురు బావులు. అక్కడ భూమిలోపలి రాతిని నీటి ఒత్తిడితో చీల్చి వాయువును వెలికితీస్తారు. ఈ పద్ధతినే ఫ్రాకింగ్ అంటున్నారు.

పద్ధతిని కొంచెం వివరించడం అవసరం. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఈ రెండు పేరాలను దాటిపోవచ్చును.

షేల్ అనేది కోట్ల సంవత్సరాల పాటు సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొని, నొక్కుకొని, గట్టిపడిన బురద. ఆ బురదతో పూడుకొనిపోయిన జీవపదార్థం వేడికి, ఒత్తిడికి వాయువుగా మారి, ఆ రాతి సూక్ష్మరంధ్రాలలోనే బంధింపబడి ఉంటుంది. మామూలు వాయుక్షేత్రంలో ఇసుకరాతి సందులగుండా వాయువు తనంత తానుగా బావిలోకి నడచివస్తుంది. షేల్‌లో అది కదలదు. అందుచేత బావిని ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల లోతుకు నిలువుగా త్రవ్వి, అక్కడినుండి షేల్ పొర వెంబడి అడ్డముగా మరికొన్ని కిలోమీటర్లు త్రవ్వుతారు. ఉక్కు గొట్టం దించి, దాని చుట్టూ సిమెంటు పోసి, అడుగున గొట్టానికి రంధ్రాలు చేసి, ఇసుక కలిపిన నీటిని మహా ఒత్తిడితో పంపుతారు. రాయి వెంట్రుకవాసి పగుళ్ళుగా చీలుతుంది. ఆ పగుళ్ళు తిరిగి మూసుకొనిపోకుండా ఇసుక రేణువులు వాటిలో నిలబడతాయి. ఆ ఇసుకను నీటి అడుగుకు దిగిపోనీయకుండా పగుళ్ళ దాకా మోసుకొనిపోవడానికే మన గోరుచిక్కుడు జిగురు. అన్ని బావులకూ జిగురు వాడరు. పలుచని నీటితోనే పని జరిపే విధానమూ ఉన్నది.

ఈ పద్ధతి నేటిది కాదు. 1947 లోనే కాన్సస్ రాష్ట్రంలో దీనిని ప్రయోగించి చూచారు. జార్జి మిచెల్ అనే వ్యాపారి కంపెనీ టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో ఏండ్ల తరబడి పట్టువిడువకుండా ప్రయత్నించి, 1990 ల చివర దీనిని లాభసాటిగా చేసి చూపినది. దానికి అడ్డముగా త్రవ్వే నేర్పు తోడైన తరువాత అమెరికా ప్రపంచంలోనే మొదటి సహజవాయు ఉత్పత్తిదారు అయినది. ఒక్కొక్క బావికి అక్కడ సుమారు 60 లక్షల నుండి 6 కోట్ల లీటర్ల నీరు ఖర్చవుతున్నది. అందులో రసాయనాల పాలు నూటికి ఒకటి రెండు వంతులకు మించదు. మించదు గాని, ఆరు కోట్ల లీటర్లలో ఒక వంతు అంటే ఆరు లక్షల లీటర్లు.

దూరదేశపు ఈ విషయంతో మనకు పని ఏమని అడగవచ్చును. గోరుచిక్కుడు పోయిన దారినే వాయువు తిరిగివస్తున్నది. లూసియానా రాష్ట్రంలోని సబైన్ పాస్ రేవులో ద్రవరూపంలోకి మార్చిన వాయువును ఏడాదికి 35 లక్షల టన్నుల చొప్పున ఇరవై ఏండ్లపాటు కొనడానికి మన ప్రభుత్వరంగ సంస్థ 2011 లోనే ఒప్పందం చేసుకొన్నది. ఆ ఒప్పందం క్రింద తొలి ఓడ 2018 మార్చి నెలాఖరున మహారాష్ట్ర తీరంలోని దాభోల్ చేరినది. 2025 నవంబరులో మన చమురు సంస్థలు, 2026 లో 22 లక్షల టన్నుల వంటగ్యాసును అమెరికా నుండి తెచ్చుకొనడానికి ఒడంబడిక కుదుర్చుకొన్నవి. అది మన వంటగ్యాసు దిగుమతులలో సుమారు పదింట ఒక వంతు. అమెరికా ఎగుమతి చేసే వంటగ్యాసులో ఎక్కువ భాగం ఈ షేల్ బావుల నుండి వచ్చేదే. కాబట్టి మన ఇంటి పొయ్యిమీద గోరుచిక్కుడు ఉడుకుతున్న మంట, టెక్సస్‌లో ఆ గోరుచిక్కుడు జిగురుతోనే చీల్చిన రాతి నుండి వచ్చినదైనా ఆశ్చర్యం లేదు. ఆ రాతిని చీల్చినందువలన కలిగిన కష్టనష్టాల సంగతి మనది కాదని అనగలమా?

ముందు జమ వైపు చూడవలెను. పర్యావరణాన్ని గురించి వ్రాసేవారు జమను దాచి ఖర్చును మాత్రమే చదివి వినిపించడం నాకు సమ్మతం కాదు. 2005 ప్రాంతంలో అమెరికా విద్యుత్తులో సగం బొగ్గు వలన వచ్చేది. 2023 నాటికి అది నూటికి 16 కు దిగినది. సహజవాయువు వంతు 43 కు పెరిగినది. ఆ కాలంలో అక్కడి విద్యుత్కేంద్రాల నుండి వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు నూటికి నలభై వంతులు తగ్గినది. ఇందులో గాలిమరలకు, సౌరవిద్యుత్తుకు భాగం ఉన్నమాట నిజమే గాని, పెద్ద వాటా చౌకగా లభించిన షేల్ వాయువుదే. బొగ్గు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇబ్రహీంపట్నం బూడిద చెరువుల ప్రక్క గ్రామాలలో ఎండకాలం ఆరవేసిన బట్టల రంగు చూచినవారికి, సింగరేణి ఉపరితల గనుల చుట్టూ ఉన్న ఊళ్ళలో ప్రేలుడు వేళకు గోడలు అదరడం విన్నవారికి, వాయువుతో వెలిగే దీపం శుభ్రమైనదిగా తోచడంలో తప్పు లేదు. దేశంలో నేటికీ విద్యుత్తు నూటికి డెబ్బయి వంతులకు పైగా బొగ్గు వలననే వస్తున్నది. వాయువు మండినప్పుడు బూడిద ఉండదు, గంధకం ఉండదు, పాదరసం ఉండదు. కట్టెల పొగలో కండ్లు పోగొట్టుకొన్న మన నాయనమ్మల తరాన్ని తలచుకొంటే, గ్యాసు పొయ్యిని తేలికగా నిందించడానికి నాకు నోరు రాదు.

ఇక ఖర్చు వైపు. ఇక్కడ జనవాక్యంలో ఉన్న భయం ఒకటి, పరిశోధనలో తేలిన భయం మరొకటి. రెండు కిలోమీటర్ల లోతున చీల్చిన రాతి నుండి రసాయనాలు పైకి ప్రాకి మంచినీటి బావిలో కలుస్తాయన్నది సామాన్యంగా వినవచ్చే మాట. ఆ విధంగా జరిగినట్లు రుజువులు అరుదు. జరిగినట్లు ఎక్కువగా తేలినది వేరు: ఉక్కు గొట్టం చుట్టూ పోసిన సిమెంటు సరిగా పట్టక, ఆ సందుగుండా మీథేన్ వాయువు పైకి ప్రాకి భూగర్భజలంలో చేరడం. 2011 లో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు ఈశాన్య పెన్సిల్వేనియాలోను, దానికి ఆనుకొన్న న్యూయార్క్ ప్రాంతంలోను ఇండ్ల బావుల నీరు పరీక్షించి, గ్యాసు బావికి ఒక కిలోమీటరు లోపల ఉన్న బావులలో మీథేన్ ఎక్కువగా ఉన్నదని, ఫ్రాకింగ్ రసాయనాలు కలిసిన ఆనవాలు మాత్రం కనబడలేదని ప్రకటించారు. అనగా తప్పు రాయిని చీల్చుటలో కంటె బావిని కట్టుటలో ఉన్నది. మేస్త్రీ పని చెడితే ఇల్లు కురిసినట్లే ఇది. మంచి మేస్త్రీ ఉంటే భయం లేదని కొందరు దీనిని సమర్థనగా వాడుకొంటారు. వేలకొలది బావులలో ప్రతి ఒక్కదానికీ మంచి మేస్త్రీ దొరుకుతాడా అన్నది నా సందేహం.

పెన్సిల్వేనియాలో డిమాక్ అనే చిన్న పల్లె ఉన్నది. 2009 జనవరి ఒకటవ తేదీన అక్కడ ఒక ఇంటి ఆవరణలోని మంచినీటి బావి ప్రేలి, దాని మీది కాంక్రీటు మూత పగిలి ఎగిరిపడినది. నీటిలో చేరిన మీథేన్ బావి గుంటలో నిండి అంటుకొన్నది. రాష్ట్ర ప్రభుత్వం విచారించి, సమీపంలోని గ్యాసు బావులే కారణమని తేల్చి, ఆ చుట్టుప్రక్కల కొత్త బావులను ఆపివేసినది. కంపెనీ ఒప్పుకోలేదు. ఈ నేలలో మీథేన్ అనాదిగా ఉన్నదే, మేము రాకముందూ నీటిలో ఉండేది అన్నది వారి వాదం. ఆ వాదం పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ ప్రాంతపు నీటిలో స్వతస్సిద్ధంగా మీథేన్ ఉండే బావులు ఉన్నవి. 2012 లో కేంద్ర పర్యావరణ సంస్థ వచ్చి అరవైకి పైగా ఇండ్లలో నీరు పరీక్షించి, తాను ఇంక చేయవలసినది లేదని వెళ్ళిపోయినది. చివరకు 2022 నవంబరులో, అంటే బావి ప్రేలిన పదునాలుగవ ఏట, కంపెనీ క్రిమినల్ అభియోగానికి ప్రతివాదం చేయనని న్యాయస్థానంలో చెప్పి, ఆ ఊరికి కొత్త నీటిగొట్టం వేయించడానికి 1 కోటి 60 లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి అంగీకరించినది. అప్పటి వరకు పలువురు సీసాలలో, తొట్టెలలో నీళ్ళు తెచ్చుకొని త్రాగినారు. ఆ ఊరిలో పసిపిల్లలుగా ఉన్నవారు బడి చదువు ముగించే వయసుకు వచ్చినారు.

ఇన్నేండ్లు ఎందుకు పట్టినది? నాకు తోచిన ముఖ్యకారణం ఒక్కటే. గ్యాసు బావి త్రవ్వకముందు ఆ ఇండ్ల నీరు ఎట్లుండెనో నమ్మదగిన లెక్క లేకపోయినది. తరువాత ఎంత ఖరీదైన పరీక్ష చేసినా, అది ఇప్పటి నీటిని చెప్పగలదు గాని నిన్నటి నీటిని చెప్పజాలదు. ఇల్లు కాలుతున్నప్పుడు నుయ్యి త్రవ్వరాదని మన పెద్దలు చెప్పినారు. డిమాక్ వారికి ఎదురైన చిక్కు అంతకంటె విచిత్రమైనది: నుయ్యి ఉన్నది, నీరు ఉన్నది, ఆ నీటి జాతకం వ్రాసిపెట్టినవాడు లేడు.

మిగిలిన ఖర్చులను త్వరగా చెబుతాను. భూమిలోకి పంపిన నీటిలో కొంత తిరిగి పైకి వస్తుంది. దానితోపాటు పురాతన సముద్రపు ఉప్పునీరు కూడ వస్తుంది. పెన్సిల్వేనియాలో అది సముద్రజలం కంటె అనేక రెట్లు ఉప్పన. బేరియం, స్ట్రాన్షియం, రేడియం సహా ఉంటాయి. దీనిని ఎక్కడ పారబోయవలెను? చాలాచోట్ల వేరొక లోతైన బావిలోకి తిరిగి దింపుతారు. ఓక్లహోమా రాష్ట్రంలో చమురు, గ్యాసు బావుల ఉప్పునీటిని అట్లే దింపినారు. అక్కడ 2009 కి పూర్వం 3 తీవ్రతకు మించిన భూకంపాలు ఏడాదికి సగటున రెండు. 2015 లో అవి 900. మరుసటి ఏడు సెప్టెంబరులో పానీ అనే పట్టణం వద్ద 5.8 తీవ్రతతో భూమి కదలినది. నీరు దింపుటను తగ్గించిన పిదప కంపాలు కూడ తగ్గినవి. ఇందులోను ప్రధాన దోషం రాతిని చీల్చుటది కాదు, మురుగును దాచుటది.

అన్నిటికన్న సూక్ష్మమైన ఖర్చు కంటికి కనబడనిది. మండిన మీథేన్ మేలే, మండకుండా కారిపోయిన మీథేన్ కీడు. ఇరవై ఏండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటె ఎనభై రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. బావి నుండి పొయ్యి దాకా కారిపోయేది నూటికి సుమారు మూడు వంతులు దాటితే, బొగ్గు మాని వాయువు మండించినందువలన సమీపకాలంలో కలిగే మేలంతా హరించుకొనిపోతుంది. 2018 లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన అమెరికాలో కారిపోతున్నది నూటికి 2.3 వంతులని, అది ప్రభుత్వపు లెక్కకంటె అరవై శాతం అధికమని తేల్చినది. పైన నేను జమలో వ్రాసిన పెద్ద మొత్తం ఇంత సన్నని గీత మీద నిలిచియున్నది. ఇక్కడ కూడ మేలుకీడులను నిర్ణయించేది కొలత. కొలిచినవారికి ఒక సమాధానం, కొలవనివారికి మరొక సమాధానం.

అమెరికాలో ఈ కొలతలకు చట్టమే అడ్డుపడినదని చెప్పడానికి విచారిస్తున్నాను. 2005 నాటి ఇంధన చట్టం ఫ్రాకింగ్‌ను, డీజిల్ వాడినప్పుడు తప్ప, మంచినీటి రక్షణ చట్టంలోని భూగర్భ నిబంధనల నుండి మినహాయించినది. ఏ రసాయనం వాడినదీ బావివారీగా ప్రకటించే ఏర్పాటు 2011 నుండి వచ్చినది గాని, వ్యాపార రహస్యమనే తలుపు ఒకటి తెరచియే ఉంచారు.

ఇప్పుడు మన నేలకు వస్తాను. 1995 జనవరి 8 న కోనసీమలో పాశర్లపూడి వద్ద గ్యాసు బావి అదుపు తప్పి అంటుకొన్నప్పుడు నేను పాఠశాల విద్యార్థిని. గోదావరి పాయకు ఇవతల ఉన్న మా ఊరి మేడల మీదికి రాత్రివేళ జనం ఎక్కి, ఆకాశపు అంచున ఎర్రని వెలుగును చూచేవారు. పిల్లలమైన మాకు అది ఒక వేడుక. అది అరవై అయిదు రోజులు మండినది. మార్చి 15 న గాని అదుపులోకి రాలేదు. కొబ్బరిచెట్లు మాడిన తోటల యజమానుల గురించి మేము తలచినట్లు జ్ఞాపకం లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే మండలంలోని నగరం గ్రామంలో గ్యాసు గొట్టం చిట్లి, పల్లపు నేలమీద మంచువలె పరచుకొన్న వాయువు అంటుకొన్నప్పుడు మాత్రం నేను పిల్లవాణ్ణి కాను. ఇరవై మందికి పైగా చనిపోయినారు. పొడివాయువు కోసం వేసిన గొట్టంలో తడివాయువు పోనిచ్చినందున లోపల తుప్పు పట్టినదని విచారణలో తేలినది.

ఈ రెండూ ఫ్రాకింగ్ వలన జరిగినవి కావు. మామూలు వాయుక్షేత్రంలో జరిగినవి. ఈ భేదాన్ని మరచి ఆవేశపడటం సబబు కాదు. నేను వీటిని స్మరించినది వేరొక కారణం చేత. మామూలు బావినీ, మామూలు గొట్టాన్నీ సంరక్షించుటలో మన శ్రద్ధ ఎంతటిదో ఇవి తెలుపుతున్నవి. ఫ్రాకింగ్‌కు ఒక క్షేత్రంలో పదుల బావులు చాలవు, వందలు కావలెను. ఒక్కొక్క దానికీ లారీలకొలది నీరు, ఇసుక, మురుగు. చదరపు కిలోమీటరుకు పదిమంది లేని డకోటా మైదానంలో జరిగే పని, ఇంటిమీద ఇల్లుగా ఉండి, పది పదిహేను అడుగులు త్రవ్వితే నీరుపడే డెల్టాలో ఎట్లు జరుగునో ఊహించండి.

ఇంకొక భేదం కలదు. పెన్సిల్వేనియా రైతుకు తన భూమి అడుగున ఉన్న వాయువులో హక్కు ఉంటుంది. అమ్మకపు విలువలో కనీసం ఎనిమిదవ వంతు అతనికి ఇవ్వవలెనని అక్కడి చట్టం. నష్టపోయినవాడికి లాభంలోను కొంత పాలున్నది. మన దేశంలో వాయువు ప్రభుత్వానిది. కోనసీమ రైతుకు పైనేల కౌలు, పంటనష్టం తప్ప అడుగున ఉన్న సంపదలో కాణీ కూడ రాదు. అతని పెరటి అడుగు నుండి బయలుదేరిన వాయువు గొట్టాలలో పరిశ్రమలకు, నగరాలకు పోతుంది. ఒకడి ఇల్లు కాలుతుంటే మరొకడు చుట్టకు నిప్పు అడిగినాడన్న సామెతలోని రెండవవాడు ఎవరో నేను చెప్పనక్కరలేదు. ఈ వ్యాసం వ్రాస్తున్న నేను, వసతిగృహంలో భోంచేస్తున్న మీరు.

మన దేశంలో షేల్ వాయువు ఇంకను వ్యాపారస్థాయికి రాలేదు. 2011 జనవరిలో దుర్గాపురం సమీపాన తొలిసారి కనబడినది. 2013 లో ప్రభుత్వరంగ సంస్థలకు, 2018 లో ఇతర కాంట్రాక్టుదారులకు కూడ అన్వేషణకు అనుమతి లభించినది. కృష్ణా–గోదావరి పరీవాహక ప్రాంతం మొదటి జాబితాలోనే ఉన్నది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ప్రకటన ద్వారా చమురు, వాయు అన్వేషణ బావులను తక్కువ తరగతికి మార్చినది. అంతకుముందు అన్వేషణకు కూడ పర్యావరణ ప్రభావ నివేదిక వ్రాయవలెను, ఊరివారిని పిలిచి సభ జరపవలెను. ఇప్పుడు ఉత్పత్తి దశకు తప్ప అవి అక్కరలేదు. అదే ఏడు ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా శాసనం చేసి, కొత్త చమురు, వాయు త్రవ్వకాలను నిషేధించినది. నెడువాసల్ గ్రామస్థులు 2017 లో నెలల తరబడి చేసిన ఆందోళన దాని వెనుక ఉన్నది.

మనమూ నిషేధం కోరరాదా అని నా విద్యార్థి ఒకడు తరగతిలో అడిగినాడు. ఫ్రాన్సు దేశం 2011 లోనే ఫ్రాకింగ్‌ను నిషేధించినది. ఐనను నేడు ఆ దేశపు రేవులలో అమెరికా షేల్ వాయువును మోసుకొని వచ్చే ఓడలు దిగుతున్నవి. న్యూయార్క్ రాష్ట్రం 2014 లో నిషేధం ప్రకటించినది. ప్రక్క రాష్ట్రమైన పెన్సిల్వేనియా వాయువును మండిస్తున్నది. నా నూయి చెడరాదు, పొరుగువాడి నూయి చెడినా నా పొయ్యి వెలగవలెనన్న నిషేధం నాకు నీతిగా కనబడదు. అట్లని డెల్టాలో త్రవ్వమని నేను చెప్పను. ఇంత పల్లపు నేలలో, ఇంత జనసమ్మర్దంలో, ఇంత పైన నీరున్నచోట ఆ పని తగదనియే నా అభిప్రాయం. ఐతే నా అభిప్రాయం అడిగి ఎవరూ బావి త్రవ్వరు. త్రవ్వినపుడు ఊరివారి చేతిలో ఏమి ఉండవలెను అన్నది నా ప్రశ్న. అభిప్రాయం కాదు, ఆవేశం కాదు, అంకెలు ఉండవలెను. అన్వేషణ దశలో నివేదిక వ్రాయనక్కరలేదని 2020 లో చెప్పిన తరువాత ఆ అంకెలను వ్రాసిపెట్టే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయినది. ఎవరిదీ కాని పని కళాశాలలది కావచ్చును.

కనుక పాలకవర్గం వారికి ఈ మనవి. మన కళాశాలలో డెల్టా మండలాల నుండి వచ్చిన విద్యార్థినీ విద్యార్థులు ఎందరో ఉన్నారు. సంక్రాంతి సెలవులకు, వేసవి సెలవులకు ఇండ్లకు వెళ్ళివచ్చేటప్పుడు ప్రతి ఒక్కరు తమ ఇంటి నూతి నుండి, ఊరి చేతిపంపు నుండి ఒక లీటరు నీరు తెచ్చినచో, మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో పి.హెచ్., కరిగిన లవణాల మొత్తం, కాఠిన్యం, క్లోరైడు కొలవగలము. ఇవి రెండవ సంవత్సరపు విద్యార్థులు పరీక్ష కోసం ఎట్లాగూ చేసే ప్రయోగాలే. ఏటేటా ఎవరో కలిపి ఇచ్చిన ఉప్పునీటిలో క్లోరైడు ఎంతో కనుగొని, జవాబు సరిపోయినదని మార్కులు తెచ్చుకొని, ఆ నీటిని తూములో పారబోస్తున్నాము. దాని బదులు ఒక ఊరి నీటిని కొలిచి ఖాతాలో వ్రాసినచో ప్రయోగమూ నేర్చుకొంటారు, లెక్కా మిగులుతుంది.

ఈ లెక్క సర్వరోగనివారిణి అని నేను చెప్పడంలేదు. కోనసీమ నీటిలో క్లోరైడు పెరిగినదంటే అది గ్యాసు బావి వలననే కానక్కరలేదు. సముద్రం లోపలికి చొచ్చుకొని రావచ్చును, రొయ్యల చెరువు ప్రక్కనే ఉండవచ్చును. అందుకే బ్రోమైడు, బేరియం కూడ కొలిచినచో మంచిది. క్లోరైడు, బ్రోమైడుల నిష్పత్తి సముద్రజలానికి ఒక విధంగా, ఇతర ఉప్పునీళ్ళకు తరచుగా వేరొక విధంగా ఉంటుంది. మీథేన్ కొలవడానికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అవసరం. అది మన వద్ద లేదు. ఏడాదికి పది పన్నెండు నమూనాలనైనా విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించడానికి కళాశాల నిధి నుండి కొంత మంజూరు చేయవలెనని కోరుచున్నాను. సిల్వర్ నైట్రేటు ఖరీదైన సరుకని పాలకవర్గం వారు ప్రతి ఏడూ మాకు గుర్తుచేస్తుంటారు. ఆ మాట నాకు తెలియనిది కాదు. వార్షికోత్సవపు వేదిక మీద పూలదండలకు అయ్యే ఖర్చులో సగం చాలునని వినయపూర్వకంగా మనవి.

త్రాగునీటిలో క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు, లవణాల మొత్తం 500 మిల్లీగ్రాములు మించకుండుట మంచిదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయం. వేరు ఆధారం లేనిచోట అవి వరుసగా 1000, 2000 వరకు ఉండవచ్చునని అంటారు. మీ ఇంటి నీరు వీటిలో ఎక్కడ నిలుచునో తెలిసికొనడానికైనా ఒక సీసా తెండి.

సీసాలను రసాయనశాస్త్ర విభాగంలో సెలవులకు ముందు వారం రోజులు ఇస్తాము. నీరు పట్టేముందు చేతిపంపును అయిదు నిమిషాలు కొట్టి విడవండి. సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలిచి, గాలి బుడగ లేకుండా నింపి మూత బిగించండి. చీటీ మీద ఊరి పేరు, వీధి, బావి లోతు, నీరు పట్టిన తేదీ, దగ్గరలో రొయ్యల చెరువుగాని, గ్యాసు బావిగాని ఉన్నచో ఎంత దూరమో వ్రాయండి. తెలుగులోనైనా ఉర్దూలోనైనా సరే. పెన్సిలుతో వ్రాయండి, సిరా తడికి చెదిరిపోతుంది.